మేస్త్రమ్మ కారూ, నా కుళ్ళూ

మీరు ఎవరిని చూసి కుళ్ళుకుంటున్నారు? తల తిప్పుకోకండి, మిమ్మల్నే అడుగుతున్నాను. పక్కింటివాడి మేడ గురించో, తోడల్లుడి ప్రమోషన్ గురించో కాదు. అవి నలుగురిలో చెప్పుకుని నవ్వుకోగలిగిన కుళ్ళు. మీ కంచం పక్కనే కంచం పెట్టుకుని అన్నం తింటున్న మనిషి మీద ఉండి, ఎవరితోనూ చెప్పుకోలేని కుళ్ళు ఒకటుంటుంది. దాని గురించి అడుగుతున్నాను.

ముందు నేను చెప్తాను. నేను నా భార్యను చూసి కుళ్ళుకున్నాను. ఒకరోజూ రెండ్రోజులూ కాదు, ఇంచుమించు మూడేళ్ళు. కారణం ఒక పాత కారు.

అప్పటికి నేను కాశీబుగ్గలో హైస్కూలు సైన్సు మాస్టార్ని. వారంలో ఆరు రోజులు బడి, ఏడో రోజు ఉపన్యాసం. ఉద్దానంలో నేను మాట్లాడని ఊరు లేదు. నిప్పుల మీద నడిచి చూపించాను, విభూతి గాల్లోంచి తీసి చూపించాను, చేతబడి చేస్తానన్నవాడికి నా జుట్టూ గోళ్ళూ కత్తిరించి పొట్లం కట్టి ఇచ్చాను. వజ్రపుకొత్తూరు వైపు ఊళ్ళల్లో కిడ్నీలు పాడై మనుషులు పోతుంటే, కొందరు అమ్మవారి కోపమన్నారు, కొందరు నీళ్ళన్నారు, కారణం మాత్రం ఎవరూ తేల్చలేదు. నేను ఊరూరా తిరిగి ఒకటే మాట చెప్పేవాణ్ణి: "ఎందుకు అని అడగండి. అడిగేదాకా ఏదీ నమ్మకండి, ఏదీ కొట్టిపారెయ్యకండి." ఆ మాటలో రెండో సగం నాకు నేను ఎప్పుడూ చెప్పుకోలేదు. అది తర్వాత తెలిసింది.

మా పెళ్ళి కూడా ఒక ఉపన్యాసమే. పురోహితుడు లేడు, ముహూర్తం లేదు. మాది కొబ్బరితోటల ఇల్లు, వాళ్ళది సముద్రం మీద బతికే ఇల్లు. టెక్కలి సభలో దండలు మార్చుకున్నాం. ఆమెను నేను పైకి తెచ్చానని నా మనసులో ఉండేది. ఆ మాట ఏనాడూ పైకి అనలేదు. అనకపోవడం కూడా నా గొప్పతనమే అనుకున్నాను. పెళ్ళినాడే నన్ను "నువ్వు" అని పిలవమన్నాను. పిలిచింది. కానీ దాని ముందు "మాస్టారూ" మాత్రం వదల్లేదు. "మాస్టారూ, నువ్వు కాళ్ళు కడుక్కో" అనేది. అందులో గౌరవమెంతో ఎగతాళి ఎంతో నాకు ఇప్పటికీ తేలలేదు.

ఆమె జీడిపప్పు ఫ్యాక్టరీలో పప్పు ఏరేది. చూడకుండానే, వేలితో తాకి, గుండేదో బద్దేదో విడదీసేది. నేను ఆ పనిని "శ్రమ దోపిడీ" అనేవాణ్ణి. నైపుణ్యం అని ఒక్కసారి కూడా అనలేదు.

ఇక కారు. వాళ్ళ నాన్న కుర్రతనంలోనే సముద్రం వదిలి, టెక్కలి దగ్గర ఒక పాత జమీందారీ బంగళాలో డ్రైవరుగా కుదిరాడు. ఆ బంగళాలో ఒక ఇంగ్లీషు కారుండేది. ఇద్దరు మాత్రమే పట్టే కారు. పొడుగాటి ముక్కు, సైకిలుకున్నట్టు స్పోకుల చక్రాలు, పైకప్పుకి బదులు గుడ్డ. పిల్లగా ఉన్నప్పుడు రోజూ పొద్దున్నే తండ్రితో వెళ్ళి దాన్ని తడిగుడ్డతో తుడిచేదట. తుడవడమే, లోపల ఎక్కి కూర్చోనిచ్చేవారు కారు. పోయేముందు కూడా ఆయన ఆ కారు కబుర్లే చెప్పాడు.

తొంభైల చివర ఒక తుపానుకి ఆ బంగళా షెడ్డు కూలింది. అప్పటికే ఇరవై ఏళ్ళుగా కదలని కారు మీద రేకులూ దూలాలూ పడ్డాయి. వారసులు బంగళా అమ్మేసుకుంటూ నా భార్యకు కబురు పెట్టారు: "మీ నాన్న తోలిన బండి. కావాలంటే పట్టుకుపో, లేకపోతే పాతినుముకి పోతుంది." ఆమె కొబ్బరికాయల ట్రాక్టరు మాట్లాడుకుని వెళ్ళి తెచ్చింది. మా పెరట్లో తాటాకు పందిరి కింద దింపించింది.

"దీన్నేం చేస్తావు?" అన్నాను.

"తోల్తాను," అంది.

"ఇది కారు కాదు, శవం."

"అయితే నువ్వు లేపు. శవాలు లేవవని నువ్వే కదా ఉపన్యాసం సెప్తావు, ఓపాలి లేపి సూడు," అని నవ్వింది.

ఆమెకు ఉన్నది ఆ ఒక్క కోరికే. తను తుడిచిన కారుని తను తోలాలి. సముద్రం ఒడ్డున వాళ్ళ ఊరు, అక్కుపల్లి ఇసక దాకా తోలాలి. ఆ సంగతి నాకు మొదటిరోజే తెలుసు. తెలియదని అబద్ధమాడను.

పనిని మాత్రం నేనే మొదలుపెట్టాను. సైన్సు మాస్టార్ని కదా! విశాఖపట్నంలో ఒక మిత్రుడి ద్వారా ఆ కారు రిపేరు పుస్తకం జిరాక్సు తెప్పించాను. నిఘంటువు పక్కన పెట్టుకుని చదివాను. మూడో పేజీలోనే ఆగిపోయాం. మా ఊరి షాపుల్లో దొరికే స్పానరు ఏదీ ఆ కారు నట్లకు పట్టలేదు. ఒకటి వదులు, దాని కింది సైజు ఎక్కదు. నేను ఆకురాయి తీసుకుని నట్లను అరగదీయడం మొదలెట్టాను. మూడు నట్లు గుండ్రంగా తయారయ్యాయి. ఇక జన్మలో ఊడవు.

ఆమె ఫ్యాక్టరీనుంచి వచ్చి చూసింది. మర్నాడు మా నాన్న తోటలో మూలపడున్న పాత ఆయిలింజను దగ్గరికి వెళ్ళి, దాని పెట్టెలోని తుప్పుపట్టిన స్పానర్లు గుడ్డలో మూటగట్టి తెచ్చింది. ఆ ఇంజను కూడా తెల్లవాళ్ళ దేశంలో చేసిందే. స్పానరు నట్టు మీద పెడితే మూత పడ్డట్టు పడింది.

"నీకెలా తెలిసింది?"

"రెండిటి నట్లూ ఒకేలాగ లావుగుంతాయి మాస్టారూ. తాకి సూడు."

తాకాను. నాకేం తెలియలేదు. అదిగో, ఆ క్షణం. గొంతులో పచ్చి జీడిపిక్క కొరికినట్టు ఏదో మండింది. అది సంతోషం కాదని నాకు స్పష్టంగా తెలుసు.

ఇంజను బిగుసుకుపోయి ఉంది. నేను తిప్పే కడ్డీకి గొట్టం తగిలించి, ఇద్దరు లెక్కల మాస్టార్లను పిలిచి లాగాను. గొట్టం వంగింది. ఆమె ప్లగ్గులు తీసి, ఆ కన్నాల్లో కిరసనాయిలూ ఇంజనాయిలూ కలిపి పోసింది. గేరులో పెట్టి రోజూ ఫ్యాక్టరీకి వెళ్ళేముందు బండిని ముందుకో జానెడు, వెనక్కో జానెడు ఊపేది. పసిపిల్ల ఉయ్యాల ఊపినట్టు, పళ్ళు తోముకుంటూ ఊపేది. "ఇది ప్రయోగం కాదు, మొక్కు" అని వెక్కిరించాను. ఇరవై రోజులో, నెలో. ఒకనాటి పొద్దున్న లోపల ఏదో గుటక మింగినట్టు శబ్దమైంది. కారు ఇంకో జానెడు ఎక్కువ కదిలింది. ఆమె పళ్ళపొడి నోటితోనే కేకేసింది. నేను లోపల్నుంచి విన్నాను. విని, లేచి వెళ్ళలేదు. పేపరు చదువుతున్నట్టు కూర్చున్నాను. ఆ పేపరులో ఏముందో నాకు తెలియదు.

తర్వాత కార్బొరేటర్లు. ఆ కారుకి రెండు. రెండూ ఒకేలాగ గాలి పీల్చాలి, లేకపోతే ఇంజను కుంటుతుంది. పుస్తకంలో ఉన్నదేమిటంటే, ఒక రబ్బరు గొట్టం చెవికి పెట్టుకుని, రెండో చివర కార్బొరేటరు నోటి దగ్గర ఉంచి, రెండిటి శబ్దమూ పోల్చాలి. ఆ పేజీ నేనే తెలుగు చేసి ఆమెకు చదివి వినిపించాను. నేను విన్నాను. రెండూ ఒకటే బుస. ఆమె వింది. "ఇది బుసకొడతంది, అది ఈల ఏత్తంది," అని ఒక మరను పావువంతు తిప్పింది. ఇంజను శబ్దం మారిపోయింది. అప్పటిదాకా దగ్గుతున్నది మాట్లాడటం మొదలెట్టింది.

గోడమీంచి చూస్తున్న పక్కింటి కిరాణా ఆయన అరిచాడు: "ఓర్నాయనో! మాస్టారూ, మీ యావిడ ఇంజినికి నాడి సూత్తందండి! ఇంక మీరు బడికెళ్ళిపోండి, మేస్త్రమ్మ సూసుకుంటాది!"

ఇంజను చప్పుడుకి మూగినవాళ్ళందరూ నవ్వారు. నేనూ నవ్వాను, అందరికంటే గట్టిగా. ఆ రోజునుంచి వీధికంతా ఆమె మేస్త్రమ్మ. పంపుసెట్టు ఆగిందని ఒకడొస్తాడు, మోపెడ్ స్టార్టవలేదని ఇంకొకడొస్తాడు. "మేస్త్రమ్మ ఉందేటండీ?" అని నన్నే అడుగుతారు. అదే వారం కోటబొమ్మాళిలో స్త్రీల సమానత్వం మీద మాట్లాడాను. గంటన్నర. చప్పట్లు మోగిపోయాయి. నా జీవితంలో అంత బాగా ఎప్పుడూ మాట్లాడలేదు. బస్సులో తిరిగొస్తూ నేను ఆలోచిస్తున్నదేమిటో తెలుసా? ఆ రబ్బరు గొట్టం ఎక్కడైనా పారేస్తే ఆమె ఏం చేస్తుందా అని.

పాఠకుడా, ఇది చదివి నన్ను అసహ్యించుకోవడం సులువే. కానీ కుళ్ళు ఎలా పనిచేస్తుందో చూడు. అది నా కళ్ళకు గంతలు కట్టలేదు. ఆమె ఎంత గొప్పగా చేస్తోందో నాకంటే బాగా ఎవరూ చూడలేదు. ప్రతి వేలి కదలికా చూశాను. అభిమానించేవాడు చూసేదానికంటే కుళ్ళుకునేవాడు చూసేది ఎక్కువ. చూసింది పైకి చెప్పడు, అంతే.

ఇక చెక్క సంగతి. ఆ కారు పైకి రేకే గానీ, రేకు లోపల అస్థిపంజరమంతా చెక్క. తలుపులు వేలాడే నిలువు కర్రలు చెదలు తినేశాయి. కార్ల మెకానిక్కులకు అది చేతకాదు. ఆమె అక్కుపల్లినుంచి వాళ్ళ మేనమామను పిలిపించింది. పడవలు కట్టే మనిషి. పల్చగా, ఎండిన కొమ్మలా ఉంటాడు. కిడ్నీల భయంతో తాగే నీళ్ళు డబ్బాలో ఇంటినుంచే తెచ్చుకునేవాడు. కారు చుట్టూ రెండుసార్లు తిరిగి, "ఓలమ్మ, ఇది బోర్లేసిన పడవే కదేటే," అన్నాడు. నాలుగు రోజుల్లో రంపం మిల్లునుంచి కర్ర తెప్పించి, పాతవాటి కొలతలు తాడుతో తీసుకుని, కొత్త కర్రలు చెక్కి బిగించేశాడు. పుస్తకం అడగలేదు.

పడవ చెక్క పుచ్చకుండా మా తీరంలో జీడినూనె రాస్తారు. జీడిపిక్కల తొక్కనుంచి వచ్చే నల్లటి చిక్కటి నూనె. చెయ్యి మీద పడితే బొబ్బలెక్కిస్తుంది, చెద దాని దగ్గరికి రాదు. మా ఊళ్ళో అది కావలసినంత. నేను డబ్బా తెప్పించి సిద్ధంగా పెట్టాను. కర్రలు బిగించిన సాయంత్రం, ముసలాయన చేతులు కడుక్కుంటూ అన్నాడు:

"నూనె ఇప్పుడే ముట్టుకోకండి అల్లుడు గారూ. అమాస పోనీండి. అమాస పోయి పన్నెండు దినాలైనాక నానొచ్చి రాత్తాను."

అమాస! నా పెరట్లో! నా ఇంట్లో! ఆమె వైపు చూశాను. ఆమె తల ఊపుతోంది.

"నువ్వు కూడానా?" అన్నాను.

"మావ సెప్పాడంటే..." అని మొదలుపెట్టింది.

నేను పూర్తి చెయ్యనివ్వలేదు. చంద్రుడు భూమికి ఎంత దూరంలో ఉన్నాడో చెప్పాను. చెక్కకు చంద్రుడు కనిపిస్తాడా, కనిపించకపోతే ఏడుస్తుందా అని అడిగాను. అమావాస్యనాడు ప్రయాణం మానే జాతి ఎప్పటికి బాగుపడుతుందని అడిగాను. ఎన్నో ప్రశ్నలు అడిగాను. ఒక్కటి మాత్రం అడగలేదు. ఆ ముసలాయన నాకంటే వయసులో పెద్ద, ముప్పై ఏళ్ళుగా తను కట్టిన పడవల మీద మనుషులు సముద్రం మీదికి వెళ్ళి తిరిగొస్తున్నారు. ఆయన టవలు భుజాన వేసుకుని, "సరే బాబూ, తమరు సదూకున్నోళ్ళు," అని బస్సు కోసం వెళ్ళిపోయాడు.

నా కోపం మూఢనమ్మకం మీద అనుకుంటున్నారా? నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. అబద్ధం. ఎన్నాళ్ళనుంచో ఆమె ఎక్కడ తప్పు చేస్తుందా అని కాచుకుని ఉన్నాను. స్పానరులో తప్పు దొరకలేదు, ఇంజనులో దొరకలేదు, కార్బొరేటరులో దొరకలేదు. అమావాస్య దొరికింది. ఆకలిగా ఉన్నవాడికి విస్తరి దొరికినట్టు.

సరిగ్గా అమావాస్యనాడే రాశాను. ఇద్దరు తోటి మాస్టార్లను సాక్షులుగా కూర్చోబెట్టి, ప్రసంగిస్తూ రాశాను. ఫ్యాక్టరీలో పిక్కలు కొట్టే ఆడవాళ్ళు చేతులకు బూడిద రాసుకుని గానీ పని మొదలెట్టరు. అదీ ఆచారమే అనుకున్నానో ఏమో, ఉత్త చేతులతో రాశాను. మర్నాటికి రెండు అరచేతులూ పొంగి బొబ్బలు. పది రోజులు సుద్దముక్క పట్టుకోలేదు. ఆమె కొబ్బరినూనె రాసింది. "ఎలా ఉంది?" అని అడిగింది తప్ప, "సెప్పేను కదా" అనలేదు. అనుంటే బాగుండును. గొడవ పెట్టుకుని గెలిచేవాణ్ణి.

నూనె మెరిసింది. దాని మీద రేకు బిగించాం. రంగు వేయించాం. సీట్లు కుట్టించాం. వానాకాలం గడిచింది. చివరికి ఒక ఆదివారం కారు పెరట్లోంచి వీధిలోకి వచ్చింది. వీధంతా వాకిళ్ళలో నిలబడింది. ఆమె కొత్త చీర కట్టుకుని వచ్చింది.

"నేను తోల్తాను," అంది.

"నీకు లైసెన్సు లేదు. ముందు నేను పరీక్షిస్తాను. ప్రమాదం కదా!" అన్నాను.

మాట సబబుగానే ఉంది. నా మాటలెప్పుడూ సబబుగానే ఉంటాయి. అదే నాతో వచ్చిన చిక్కు. పక్కసీటు ఖాళీగానే ఉంది. కూర్చోమని కూడా అనలేదు. ఆమె గుమ్మం దగ్గరే ఆగిపోయింది. నేను అక్కుపల్లి రోడ్డు పట్టాను.

ఆ అయిదారు మైళ్ళు నేను మహారాజుని. తోటల్లో పనిచేసేవాళ్ళు ఆగి చూశారు. "మాస్టారే సేసేరంట!" అని ఎవరో అనడం వినపడింది. సరిదిద్దలేదు. వజ్రపుకొత్తూరు ఇంకా కొంత దూరం ఉందనగా ఒక గుంత వచ్చింది. కారు ఎగిరింది. నా కుడివైపు తలుపు గాలికి తెరుచుకుంది. ఆ కారు తలుపులు వెనకవైపు బందులతో ఉంటాయి, గాలి పట్టిందంటే తెరచాపే. నిలువు కర్రలోంచి మరలన్నీ ఊడివచ్చి, తలుపు రోడ్డు మీద పడి దొర్లింది. స్టీరింగు పట్టుకుని వేలాడాను, లేకపోతే నేనూ దొర్లేవాణ్ణి.

పక్కన లారీకి కొబ్బరికాయలు ఎత్తుతున్న మనిషి ఒకడు తలుపు తెచ్చి ఇచ్చాడు. "ఇదిక్కడ దిగిపోయిందండి మాస్టారూ. తమరెక్కడ దిగుతారు?" అన్నాడు. లారీ మీద వాళ్ళు కాయలు వదిలేసి నవ్వారు.

తలుపును పక్కసీట్లో పెట్టుకుని ఇంటికొచ్చాను. ఆమె తలుపు వైపు చూడలేదు. తిన్నగా నిలువు కర్ర దగ్గరికి వెళ్ళి వేలు పెట్టి నొక్కింది. వేలు లోపలికి దిగిపోయింది, ఉడికిన దుంపలోకి దిగినట్టు. పైన జీడినూనె పెంకు కట్టి నల్లగా మెరుస్తోంది. లోపలంతా కుళ్ళు.

"సెమ్మ," అంది. అంతే.

మేనమామ మళ్ళీ వచ్చాడు. ఈసారి అడిగాను. నోరు తెరుచుకుని, మొదటిసారిగా, ఎందుకు అని అడిగాను.

"ఆ కర్ర మిల్లులో వానకి తడిసిన కర్ర అల్లుడు గారూ. పచ్చిది. రెండు వారాలేనా ఎండాల. తడి లోపలుంచి మీద నూనె రాత్తే, తడి బయటికి రాలేదు కదేటి. లోపలే ఉడుకుతాది."

"మరి అమావాస్య?"

ఆయన నన్ను జాలిగా చూశాడు. "ఆ దినానికి అమాస ఇంకా మూడు దినాలుంది. మూడూ పన్నెండూ కలిపితే పదిహేను. మాకు తారీకులు తెలీవు బాబూ, సెందురుణ్ణి సూసి దినాలు లెక్కెడతాం. అమాస పోయి పన్నెండు దినాలంటే రెండు వారాలు దాటుతాది. అంతే. మీరేటనుకున్నారు?"

అది సైన్సు. నిఖార్సయిన సైన్సు. ఎండాల్సిన రోజుల లెక్క. దాన్ని నా ఇంట్లో ఇద్దరు సైంటిస్టులు చెప్తుంటే, మూఢనమ్మకంతో కొట్టిపారేసినవాణ్ణి నేను. చదువుకున్నవాడి నోట్లోంచి రానిది జ్ఞానం కాదన్న మూఢనమ్మకం. దానికి మించిన చేతబడి ఉద్దానంలో నాకెక్కడా కనపడలేదు.

ఇక్కడితో ఆపేస్తే నేను బుద్ధి తెచ్చుకున్న మంచి మనిషినవుతాను. ఆపను. ఇంతవరకూ మీ దగ్గర ఒకటి దాచాను.

కొత్త కర్రలు వేసి, ఈసారి ఎండబెట్టి, ఆమే మేనమామా కలిసి నూనె రాశారు. ఆమె లైసెన్సు పరీక్షకు వెళ్ళాలనుకుంది. తోలి చూపించడానికి సొంత బండే తీసుకెళ్తానంది. బండి తీసుకెళ్తే కాగితాలు కావాలి. నేను బడిలో ఉన్నప్పుడు బీరువాలోంచి సి బుక్కు తీసి చూసింది. సాయంత్రం నేను వచ్చేసరికి అది ఆమె ఒళ్ళో ఉంది.

"మాస్టారూ, ఈ బండి ఎవరిది?"

"మనది."

"మనది అని ఏ పేజీలో రాసుంది?"

నా పేరు రాసుంది. కారు తెచ్చిన నెలలోనే బంగళావాళ్ళ సంతకాలు తీసుకుని నేనే ఆఫీసుకు వెళ్ళాను. ఫారంలో యజమాని పేరు అన్నచోట కలం ఆగలేదు. ఆమెను అడగలేదు. దొంగతనంగా చేశానని కూడా అనలేను, దొంగకు కనీసం భయముంటుంది. ఆఫీసు పనులు చేసేవాణ్ణి నేనే కదా, నా పేరే ఉంటుంది కదా అనుకున్నాను. అనుకోవడం కూడా కాదు, ఊపిరి పీల్చినట్టు రాసేశాను. స్త్రీకి ఆస్తిహక్కు ఎందుకుండాలో సభల్లో లెక్కలేనన్నిసార్లు చెప్పిన చెయ్యి అది.

ఆమె స్పానర్లన్నీ గోనెసంచిలో వేసి మంచం కిందికి తోసింది. మర్నాడు ఫ్యాక్టరీకి వెళ్ళింది. ఆ మర్నాడూ అంతే. కారు దగ్గరికి మళ్ళీ వెళ్ళలేదు.

కారు పందిరి కింద అలాగే ఉంది. నాలుగు నెలలు. నేను ఒక్కణ్ణే దాన్ని నడిపిద్దామని చూశాను. రబ్బరు గొట్టం చెవికి పెట్టుకున్నాను. నాకు సముద్రం వినపడింది తప్ప ఇంజను వినపడలేదు. ఇంజను మళ్ళీ దగ్గడం మొదలెట్టింది. గోడమీంచి కిరాణా ఆయన, "మేస్త్రమ్మ ఏదండీ? బండికి నాడి పడిపోనాది," అనేవాడు. చూడండి, ఆమె లేనప్పుడు కూడా వీధి ఆమెనే అడుగుతోంది. కుళ్ళు ఇంకా పెరిగింది. ఆమె పని మానేస్తే తగ్గుతుందనుకున్నాను. కుళ్ళు కిరసనాయిలు దీపం కాదు, వత్తి తగ్గిస్తే తగ్గడానికి.

ఒక ఆదివారం సభకు వెళ్ళకుండా ఇంట్లో ఉండిపోయాను. ఆమె అరుగు మీద చేపలు కోస్తోంది. పక్కన కూర్చున్నాను.

"ఆ రోజు చెక్కకు తడుందని నీకు తెలుసు కదా. నాకెందుకు చెప్పలేదు?"

"సెప్పబోయాను. ఉపన్యాసం మద్దిలో ప్రశ్నలు అడగనిత్తారేటి?" అంది, కత్తి ఆపకుండా.

కాసేపటికి మళ్ళీ అడిగాను. "ఆ గొట్టంలో నీకేం వినపడుతుంది? నాకు చెప్పు. నేర్చుకుంటాను."

కత్తి ఆగింది. నన్ను చూసింది. "ముందు నా పేరు రాసి రా. తరవాత సెప్తాను."

ఇద్దరం కలిసి శ్రీకాకుళం బస్సెక్కాం. రవాణా ఆఫీసు కౌంటరులో ఉన్న ఆయన ఫారం తిప్పి తిప్పి చూశాడు. "మీ పేరు తీసేసి మిసెస్ పేరా? ఏం మాస్టారూ, ఉద్యోగంలో ఏవైనా గొడవా?" అన్నాడు, సానుభూతిగా. మగవాడు ఆస్తిని భార్య పేరు మీద ఎందుకు పెడతాడో ఆయనకు అనుభవంలో తెలిసిన కారణం అదొక్కటే. "గొడవేం లేదు. బండి ఆవిడది," అన్నాను. ఇంత చిన్న వాక్యం చెప్పడానికి నాకు మూడేళ్ళు పట్టింది. ఆమె సంతకం పెట్టింది. అక్షరాలు పెద్దవిగా, గీత దాటి.

ఆ తర్వాత లైసెన్సూ వచ్చింది. ఒకనాడు పొద్దున్నే ఆమె కుడివైపు ఎక్కింది, నేను ఎడమవైపు. అక్కుపల్లి దాకా తోలింది. గేరు మార్చేముందు చెవి ఒకవైపు వంచేది. గుంతలు నాకంటే ముందు చూసేది. తీరంలో చేపల గంపలతో వస్తున్న ఆడవాళ్ళు రోడ్డుకు అడ్డంగా నిలబడిపోయారు.

"ఓలమ్మో, డ్రైవరు కూతురే! ఈ మాస్టార్ని ఎక్కడికట్టుకెళ్తన్నావే?"

"ఇసక మీద ఎండేసి తెత్తానే అత్తా! పచ్చిగున్నాడు!" అని అరిచింది ఈమె.

వాళ్ళు గంపలు దించి మరీ నవ్వారు. నేనూ నవ్వాను. నిజం చెప్పనా? నవ్వుతూనే మండింది. అందరూ ఆమెనే చూస్తున్నారు, ఆమె చేతుల్నే చూస్తున్నారు. నేను సీటులో పెట్టిన సామాను. కుళ్ళు పోలేదు. ఇది రాస్తున్న రోజుకీ మొత్తం పోలేదు. ఇసక దగ్గర ఇంజను ఆపి, ఆమె స్టీరింగు మీద చేతులు అలాగే ఉంచుకుని సముద్రం చూస్తూ కూర్చుంది, చాలాసేపు. దిగమని నేననలేదు. అనే హక్కు నాకు లేదు. ఆ హక్కు లేదని కాగితం మీద రాసి ఉంది. ఆ కాగితం లేకపోతే నా మంచితనం మీద ఆధారపడి ఆమె అక్కడ కూర్చోవలసి వచ్చేది. నా మంచితనం ఎంత గట్టిదో నాకు తెలుసు.

అందుకే మనసు మారాక కాగితం మారుద్దాం అనేవాణ్ణి నమ్మకండి. నేనూ అలాంటివాణ్ణే. మనసు తీరిగ్గా మారుతుంది, మారకపోనూవచ్చు. కాగితానికి ఒక పూట చాలు.

లేవండి. మీ బీరువా తెరవండి. ఇంటి దస్తావేజు, పొలం పాసుపుస్తకం, బండి సి బుక్కు, ఏది ఉంటే అది బయటికి తీసి, అందులో ఎవరి పేరుందో పైకి చదవండి, ఇంట్లో అందరికీ వినపడేలా. ఎవరి చెమట వల్ల అది మీ ఇంటికి వచ్చిందో, ఎవరి చేతుల్లో అది నడుస్తోందో ఆ పేరు కూడా పైకి చదవండి. రెండు పేర్లూ ఒకటి కాకపోతే రేపు పొద్దున్న ఆఫీసు తెరిచేసరికి వాకిట్లో నిలబడండి. ఒంటరిగా వెళ్ళకండి. సంతకం పెట్టాల్సిన మనిషిని వెంట తీసుకెళ్ళండి.